మెడల మేస్త్రి

"గడ్డి మిషనాయన కాలం చేసిండట" అంటూ, కుట్టించుకోవడానికొచ్చిన ఒకామె జాకెట్టు గుడ్డ నా బల్ల మీద పెట్టింది. ఆ మాట అనేసి, ఏమీ జరగనట్టే, చేతులు మోచేతి దాకా ఉంచమని, వెనక మరీ దింపొద్దని చెప్పుకుంటూ పోయింది.

నా కత్తెర అప్పుడు వేరేవాళ్ల గుడ్డ మీద నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ సుద్దగీత దాటిపోయింది. ఎవరిదో పెళ్లి జాకెట్టు, చంక దగ్గర నాశనం చేశాను. ఇన్నేళ్ల కుట్టుపనిలో ఎన్నడూ అలా జరగలేదు. ఏ మిషనాయన అని అడిగాను, తెలిసీ అడిగాను. ఇంకెవరు, ఆ చదరపు కట్టలాయనే అంది. ఆమెది కుల్చారం పక్క, ఆయనదీ అటే. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే పోయాడట. నా ముఖం చూసి, మీకు చుట్టమా అని అడిగింది. కాదన్నాను. చుట్టరికం మాట దేవుడెరుగు, నాకు ఆయన పేరే తెలియదు. ఫోన్లో 'గడ్డి మిషన్' అని రాసుకున్నాను. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు కూడా అంతే, ఆ గడ్డి మిషనాయనను చల్లగా చూడు ప్రభువా అనేదాన్ని. దేవుడికి తెలియని పేరా అని నా ధీమా.

దుకాణం షట్టరు సగం దించి కూర్చున్నాను. యాసంగి కోతలు ఇంకా పూర్తి కాలేదు. వారం కింద మా పొలంలోనే ట్రాక్టరు మీద చూశాను. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. అలాంటి మనిషి చాయ్ గ్లాసు కింద పెట్టి పోవడమేమిటి? అన్నం తిన్నాక కూడా నమ్మబుద్ధి కాలేదు.

మా అత్తగారి పొలం హవేలిఘనపూర్ దగ్గర. మేముండేది మెదక్ ఊరి చివర, ఇంటి వెనక కొట్టంలో బర్రెలు. వరికోత మిషన్ పోయాక పొలంలో గడ్డి వరసలు వరసలుగా పడి ఉంటుంది. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించిన ఇంకో మిషన్ మింగి, లోపల అదిమి, సుతిలి తాడుతో కట్టి వెనక నుంచి కట్టలుగా వదులుతుంది. మా వైపు తిరిగేవి చాలావరకు చిన్న గుండ్రటి కట్టలవి. ఈయనది పంజాబు వాళ్ల దగ్గర పాతది కొన్న పెద్ద మిషన్. దాని కట్ట పలకలుగా, మంచమంత పొడవు వచ్చేది. అక్కడ ఆ కట్టను ఎత్తడానికి కూడా మిషన్లే ఉంటాయట. ఇక్కడ ఎత్తేది ఆడవాళ్ల తలలు. కట్ట వెడల్పూ ఎత్తూ మిషన్ పుట్టుకతో వచ్చినవి, వాటిని ఎవరూ మార్చలేరు. పొడవు తగ్గించొచ్చు, బిగువు తగ్గించొచ్చు. ఆయన ఊరూరా తిరిగి చేసిందల్లా ఈ తగ్గించడమే.

ఎంత తగ్గించాలన్నది మాత్రం తూకం వేసి చూసేవాడు కాదు. పొలంలో దిగగానే పటేలు ఎవరు, ఎన్ని ఎకరాలు అని అడిగేవాడు కాదు. "ఎత్తేటోళ్లెవలు?" అని అడిగేవాడు. ఆ ఇంట్లో గడ్డి మోసే ఆడమనిషి పొలానికి రావాల్సిందే. వస్తేనే మిషన్ కదిలేది. ఒక్క కట్ట కట్టి, ట్రాక్టరు ఆపి, తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసి బొత్తాం పెట్టుకునేవాడు. ఆమె తల మీద చుట్టబట్ట పెట్టుకుని కట్ట ఎత్తాలి, పది అడుగులు నడవాలి. ఆయన నడుము వెనక దోపుకున్న పానా తీసి చేత్తో పట్టుకుని, తల కొద్దిగా వంచి, ఆమె మెడ వైపే చూస్తూ నిలబడేవాడు. తర్వాత మిషన్ వెనక్కి పోయి, పళ్ల చక్రం దగ్గర బిళ్లను ఇంత జరిపి, బిగువు మరలు ఇంత వదులు చేసి, మళ్లీ ఎక్కేవాడు. ఇంకో కట్ట. మళ్లీ ఎత్తు. అందుకే ఆయన కట్టిన కట్టలు ఒక ఇంట్లో ఉన్నట్టు ఇంకో ఇంట్లో ఉండవు. జనం ఆయనకు 'మెడల మేస్త్రి' అని పేరు పెట్టారు. వెనక నుంచి అనేవాళ్లు, ముందు కూడా అనేవాళ్లు. ఆయనకు పట్టింపు లేదు.

బరువుందా అని ఆడవాళ్లను అడగవేం, ఊరికే చూస్తావేం అని ఒకసారి మా అత్త అడిగింది. నలుగురు మగవాళ్లు చూస్తుంటే ఏ ఆడది బరువుందంటుందని ఆయన నవ్వాడు. "నోరు అబద్ధమాడ్తదమ్మా. మెడ ఆడదు" అన్నాడు. అది నిజం. మేమంతా అబద్ధమే చెప్పేవాళ్లం. దూదిలెక్క ఉందని అంటూ లోపల పళ్లు కొరుక్కునేవాళ్లం.

మిషన్ తిరుగుతున్నప్పుడు చాయ్ ఇచ్చినా దిగేవాడు కాదు. ఎవరైనా దగ్గరకొచ్చి ముచ్చట పెడితే, మిషన్‌కు నోరుంది గాని చెవుల్లేవని కసిరేవాడు. కట్ట చిన్నదైతే ముడి జారుతుంది. జారిన ముడిని చేత్తో మళ్లీ వేస్తూ, మారాం చేసే పిల్లలను బుదరకిచ్చి ఊరుకోబెట్టినట్టు మిషన్‌తో ఏదో గొణిగేవాడు. మగవాళ్లెవరైనా మేమే ఎత్తుతాం, నువ్వు కట్టు అని ముందుకొస్తే, మీరు సాయంత్రం ఎత్తేది వేరే ఉంటది గద పటేలా అని కల్లు సీసా వంచినట్టు చెయ్యి చూపేవాడు. పొలమంతా నవ్వేది.

కౌడిపల్లి దగ్గర ఒక ముసలామె ఆయనను ఏడిపించిన ముచ్చట ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఆమెను చూడగానే ఈయన పానా తీసి కట్ట సగానికి తగ్గించాడట. ఆమెకు ఒళ్లు మండింది. నన్ను ముసలిదాన్ని చేస్తవా అని కొంగు దోపి, రెండు కట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టించుకుని, ట్రాక్టరు చుట్టూ తిరిగి వచ్చి, ఇప్పుడు చూడు నా మెడ అందట. ఈయన రెండు చేతులూ జోడించి, మరలు మళ్లీ బిగించాడు.

రైతులకు మాత్రం ఈయనంటే గొణుగుడే. ఇక్కడ కట్టకు ఇంత అని ఇస్తారు. కట్ట చిన్నదైతే కట్టలు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. దొంగ అన్నవాళ్లున్నారు. ముఖం మీదే అన్నారు. అంటే పానా నడుముకు దోపుకుని ట్రాక్టరు ఎక్కి పోయేవాడు తప్ప, ఎత్తే మనిషిని చూడకుండా కట్టేవాడు కాదు. మా బావ, అంటే మా ఆయన అన్న, ఈయనను దొంగ అన్నవాళ్లలో మొదటివాడు. ఒక ఏడు మాత్రం వేరే మిషన్లు దొరకక, వాన మొగులు కమ్ముకొస్తోందని, గత్యంతరం లేక పిలిచాడు.

ఆ ఏడు సంగతి చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, మళ్లీ నెల తప్పితే బరువులు ఎత్తొద్దని. మొదటి రెండుసార్లూ తెలిసిన రోజే అందరికీ చెప్పుకున్నాను. మా గల్లీ అంతా తెలిసింది. పోయినప్పుడూ అంతా తెలిసింది. వచ్చి పరామర్శించిన ప్రతి మనిషికీ ఆ మాట మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. ఇక చెప్పేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. మూడోసారి నెల తప్పినప్పుడు మా ఆయనకు కూడా చెప్పలేదు. కనిపించేదాకా నోరు విప్పొద్దనుకున్నాను. మూర్ఖత్వమంటే అనండి. భయం మనిషిని ఎంత తెలివితక్కువ పనైనా చేయిస్తుంది.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు. ట్రాలీ నుంచి కొట్టంలోకి గడ్డి మోసేది నేనే. ఎత్తేవాళ్లెవరు అని ఆయన అడగగానే అత్త నా వైపు చెయ్యి చూపింది. చుట్టబట్ట పెట్టుకున్నాను. మొదటి కట్ట ఎత్తాను, నడిచాను, దూదిలెక్క ఉందన్నాను. ఆయన పానా తీశాడు. రెండోది ఎత్తాను. అది నిజంగానే తేలిక. అయినా ఆయన మిషన్ వెనక్కి పోయాడు. మూడోది స్టూలు పీటంత వచ్చింది. అదీ ఎత్తబోయాను. ఆయన వద్దన్నాడు. ఎత్తనివ్వలేదు. మళ్లీ మరలు తిప్పాడు.

బావకు కోపం నషాళానికి అంటింది. మొగులు చూపించి, గిది గడ్డి కట్టనా తలగడనా అని అరిచాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఎందుకు, ఈమెకేమైంది అని ఎవరైనా ఒక్క మాట అంటే అయిపోయింది. మొదటి సైజే ఉంచుండ్రి, నేను మోస్తా, నాకేం కాలేదు అన్నాను. ఎవరూ అడగని మాట నేనే అనేశాను.

ఆయన బావ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"ఈ ఇంటి కట్ట గింతే. ఇష్టముంటె కట్టిపిచ్చుకోండ్రి. లేకుంటె నా మిషన్ నేను తీస్కపోతా."

కట్టను తీసి పక్కన పెట్టే నెపంతో నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా ఇంకో మాట అన్నాడు.

"తల మీద పెట్టుకోకు బిడ్డా. కాలితోని దొర్లించు."

మా ఆయనకు తెలియదు, అత్తకు తెలియదు, పక్కలో పడుకునే మనిషి కనిపెట్టలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎట్లా తెలిసింది? మంత్రగాడా అనుకున్నాను. భయమేసింది. ఆయన ముఖం వైపు మళ్లీ చూడలేదు.

బావ పళ్లు నూరి ఒప్పుకున్నాడు. అంత చిన్న కట్ట కట్టాలంటే మిషన్ నత్తలాగా నడవాలి. మాటిమాటికీ ముడి జారేది, దిగి వేసేవాడు. సగం పొలం కాకముందే వాన దంచికొట్టింది. మిగిలిన గడ్డి నానిపోయింది. బావ ఆయనతో మళ్లీ మాట్లాడలేదు, నాతో కూడా చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. నేను మాత్రం ఆ కట్టలను ట్రాలీ నుంచి కొట్టంలోకి కాలితో దొర్లించుకుంటూ పోయాను. బర్రెలు నన్ను వింతగా చూసేవి. కనిపించే నెలలొచ్చాయి. తొమ్మిదీ నిండాయి. బిడ్డ పుట్టింది. నా బిడ్డ!

మరుసటి కోతలకు ఆయన మిషనే రావాలని ఇంట్లో నేనే పట్టుబట్టాను. దాన్ని ఎత్తుకుని పొలానికి పోయాను. ఆయనకు చూపించాలని పోయాను, దాచేదేముంది. ఎత్తుకోమని చాపితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గ్రీజు అన్నాడు. చేతులు కడుక్కోవడానికి బోరు నీళ్లు పక్కనే పోతున్నాయి. అయినా కడుక్కోలేదు. పిల్లను చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని ట్రాక్టరు ఎక్కాడు. ఆ పొద్దు మా ఇంటి కట్టలు అదే సైజులో వచ్చాయి. అన్నా, ఇప్పుడు మోయగలను, పెంచు అంటే వినలేదు. ఆ తర్వాత ఏ ఏడూ పెంచలేదు. బావ గొణుగుతూనే ఉండేవాడు, ఈయన కడుతూనే ఉండేవాడు. నీకెట్లా తెలిసింది అని అడగాలని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. సిగ్గో, భయమో, అడగలేదు. పోయిన వారం కూడా అడగలేదు.

సాయంత్రానికి మా ఆయనను బండి తీయమన్నాను. స్కూలు నుంచి వచ్చిన బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకుని కుల్చారం వైపు పోయాం. మేం పోయేసరికి మట్టి చేసి వచ్చారు. వాకిట్లో నలుగురైదుగురు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. మిషన్ గల్లీ మొదట్లో వేపచెట్టు కింద ఉంది. భార్య ఏదని అడిగితే కొట్టం వైపు చూపించారు. బర్రె పొద్దటి నుంచి అరుస్తోందట, గడ్డి వేయడానికి లేచిందట.

కొట్టంలో ఆమె నాకు వీపు చూపించి నిలబడి ఉంది. తల ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది. ఏడుస్తోందనుకున్నాను. పెద్దమ్మా అని పిలిచాను. తిరిగి చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి. తల మాత్రం వాలే ఉంది. అది దుఃఖం కాదు. ఆమె మెడే అంత. ఎప్పుడో ఒరిగిపోయి, ఇక నిలవనట్టు ఉంది.

ఆమె వెనక గోడ వారగా కట్టలు. మంచమంత కట్టలు. ఒక్కటి కూడా తగ్గించినది లేదు.

మెడలు చూసి కట్టలు కట్టిన మనిషి ఇల్లేనా ఇది? ఎవరింటికి వచ్చాను నేను? ఇవెక్కడివి పెద్దమ్మా అని అడిగాను. ప్రతి పొలంలో మరలు తిప్పకముందు పడే మొదటి కట్ట ఎవరికీ పనికిరాదట, రైతులు వద్దంటారట, అన్నీ ఇక్కడికే వస్తాయట. ట్రాలీ గల్లీలోకి రాదు గనుక గల్లీ మొదట్లో నుంచి తల మీద పెట్టుకుని తెస్తుందట. ఎవరు తెస్తారు అని మళ్లీ అడిగాను, చెవిటిదానిలాగా. ఇంకెవరున్నారు ఇంట్లో అంది.

తర్వాత నా కొంగు పట్టుకుని నిలబడ్డ నా బిడ్డను చూసింది.

"గీ పిల్లేనా?"

నేను తలూపాను. ఈమెకు తెలుసని నాకు తెలియదు. ఆ పొద్దు ఆయన వానలో తడిసి ఇంటికొచ్చి, ఇయ్యాల పొలంల నీలెక్క ఒక పిల్లను చూసిన అన్నాడట. కట్ట ఎత్తబోయే ముందు నేను కొంగు నడుముకు కాకుండా పైకి, రొమ్ముల కింద, వదులుగా కట్టుకున్నానట. నాకు గుర్తే లేదు. తను కూడా అట్లాగే కట్టుకునేదాన్నని చెప్పింది. మిషన్లు రాని రోజులు. చేతులతో కట్టిన మోపులు తల మీద మోసేదట. అత్తకు తెలిస్తే పని ఎగ్గొట్టడానికి అంటుందని ఎవరికీ చెప్పకపోయేదట. రెండు పోయాయి. మూడోది ఏడో నెల దాకా ఉండి పోయింది. తర్వాత ఇక రాలేదు.

"అప్పుడు ఆయన బండి తోలేటోడు. నేను మోపు ఎత్తుకుంటుంటె పక్కనే ఉండేటోడు. చూడలే" అంది. "నిన్ను చూసినంక ఎరుకైనట్టున్నది."

నా సంగతి విని తను సంతోషపడిందట. మంచి పని చేసినవన్నదట. ఆ పిల్లకు ఏమైందని కోతలైనంక కూడా అడుగుతూ ఉండేదట. బిడ్డ పుట్టిందని ఆయన చెప్పిన రోజు పరమాన్నం వండిందట. ఆమె చెయ్యి చాపి నా బిడ్డ చెంప ముట్టుకుంది. అరచెయ్యి గరుకుగా ఉండి, పిల్ల కొంచెం వెనక్కి జరిగింది. ఆమె నొచ్చుకోలేదు.

"గప్పుడే అడిగిన. మనింటికి గూడ చిన్నయి కట్టి తేరాదు, నా మెడ గుంజుతున్నదని అన్న" అంది. "నీకింక పోయేదేమున్నది అన్నడు."

కోపంగా చెప్పలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. ఆయన కూడా తిట్టినట్టు అనలేదట, ఉన్న మాట అన్నట్టే అన్నాడట. ఇన్నేళ్లు మోకాళ్ల మీద నిలబడి ఎవరి కోసం ప్రార్థన చేశాను? ఆ మనిషి లేకపోతే నా బిడ్డ లేదు, అది కాదనలేను. నా బిడ్డ చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎదురుగా ఆ ఒరిగిపోయిన మెడ ఉంది. వాకిట్లో నుంచి మా ఆయన, చీకటి పడుతోంది పోదామని పిలుస్తున్నాడు. మరి నువ్వేమన్నవు పెద్దమ్మా అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"ఏమంట? పోయి కట్ట ఎత్తుకొచ్చిన."